బకెట్టు నిండిన ఆషాఢం

జూన్ 25, బుధవారం. చిలకలగూడ

రేపట్నుంచి ఆషాఢం. అత్తగారూ కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదట. దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు, దాటి చూసినవాళ్ళూ లేరు. అమ్మ ఉంటే పుట్టింటికి వెళ్ళేదాన్ని. లేదు కాబట్టి ఏ.ఎస్. రావు నగర్‌లో శేషారత్నం పిన్ని ఇల్లే నాకు పుట్టిల్లు.

సాయంత్రం అత్తయ్య నా పక్కన కూర్చుని, "నెల దినాలే గద బిడ్డా. పిన్నింటికాడ మంచిగ తిను, మంచిగ పండుకో. ఈడ నీకు తక్లీఫ్ అయితున్నదని నాకు ఎర్కనే," అంది. ఏం ఎరుకో ఈవిడకి! నేను తలూపాను. మాఘంలో పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో నేను చేస్తున్న ముఖ్యమైన పని అదే.

పొద్దున డాబా మీద బకెట్టులో నాలుగు పేడపురుగులు, కాసిని రెక్కలూడిన ఉసిళ్ళు. ఆఫీసువాళ్ళు మా అందరి డాబాల మీదా ఒక్కో దీపపు ఎర పెట్టించారు. బల్బు, దాని కింద గరాటు, గరాటు కింద బకెట్టు. మొక్కజొన్నను తినేసే కత్తెర పురుగు ఉంది కదా, దాని తల్లి, ఆ రెక్కల పురుగు వానాకాలపు గాలితో ఎటునుంచి వస్తుందో, ఎక్కడ దిగుతుందో కనిపెట్టడం మా పని. జీతం ఇచ్చేది అందుకే. నా డాబా మీద ఇంతవరకూ అది దిగిన పాపాన పోలేదు. మా పై అధికారి సలోమి మేడమ్ ముందు ఖాళీ కాగితం పెట్టాలంటే సిగ్గుగా ఉంది.

ఎరను కూడా పిన్ని ఇంటికి తీసుకెళ్తానన్నాను. రాఘవేందర్ మాట్లాడకుండా స్కూటర్ వెనక తాడుతో కట్టాడు. "పైలంగ కట్టిన. ఊడిపోదు," అన్నాడు. నెల రోజులు విడిగా ఉండబోయే పెళ్ళానికి చెప్పాల్సిన మాట అదేనేమో.

జూన్ 26

పిన్ని ఇల్లు. ఎర డాబా మీద పెట్టాను. రాఘవేందర్ గేటు దాకా వచ్చి దింపి వెళ్ళాడు. లోపలికి రాలేదు. ఆషాఢంలో అల్లుడు అత్తింటి గడప తొక్కకూడదట, పిన్ని అయినా సరే అత్తేనట.

నాకేం కోపం లేదు.

జూన్ 28

బకెట్టు అడుగు కనిపించడం లేదు!

బూడిద రంగు, రెక్క కొసన తెల్లటి మచ్చ. అదే. ఒకటి కాదు, రెండు కాదు. పిన్ని పైకి వచ్చి చూసి, "ఛీ, ఇవేంటే, ఇంట్లో పెట్టకు," అని ముక్కు మూసుకుంది. నేను వాటిని తెల్ల పళ్ళెంలో పోసుకుని ఇడ్లీ తినడం మర్చిపోయాను.

జూలై 1

మళ్ళీ నిండింది. నిన్నా నిండింది.

కూర్చోబుద్ధి కావడం లేదు. మ్యాపు నేల మీద పరిచి దాని చుట్టూ తిరుగుతున్నాను. ఈ పురుగు చూడ్డానికి ఏమీ ఉండదు, ఊదితే పోయేలా ఉంటుంది. కానీ పొద్దుగుంకాక చెట్టెత్తు దాటి, ఇంకా పైకి పోయి, గాలి దొరికిందంటే ఇక ఆ గాలితోనే ప్రయాణం. దారి దానికి తెలియక్కర్లేదు. నైరుతి గాలి పడమటి కనుమలు దాటి దక్కన్ మీదికి వస్తుంది. ఎక్కడ వాన కురిస్తే, ఎక్కడ కొండ అడ్డొచ్చి గాలి నెమ్మదిస్తే, అక్కడ దిగుతుంది. దిగిన చోట లేత మొక్కజొన్న ఉంటే గుడ్లు పెడుతుంది. చలికాలంలో ఈశాన్యపు గాలి వెనక్కి తీసుకుపోయేది దాన్ని కాదు, దాని మనవరాళ్ళని.

చిలకలగూడలో ఒక్కటీ పడలేదు. అదే బల్బు, అదే బకెట్టు. ఇక్కడ నిండుతోంది. రెండింటికీ మధ్య ఏముంది? మౌలాలీ గుట్ట! గాలి నైరుతి నుంచి వస్తుంది, గుట్టకు కొట్టుకుని ఇటుపక్క నెమ్మదిస్తుంది, పైనున్న మంద ఇక్కడ దిగుతుంది. ఇంత సులువుగా ఎవరికీ తట్టలేదా?

తట్టి ఉండదు. ఎవరూ ఆషాఢంలో ఎరను చంకనేసుకుని ఇల్లు మారి ఉండరు కదా. జన్మలో మొదటిసారి ఒక ఆచారం నాకు పనికొచ్చింది.

జూలై 2

రాఘవేందర్ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. బకెట్టు నిండింది.

జూలై 4

సలోమి మేడమ్ నా కాగితాలు రెండుసార్లు చదివారు. అద్దాలు తీసి పక్కన పెట్టారు. ఆవిడ అద్దాలు తీశారంటే మెచ్చుకున్నట్టే.

"ఇంద్రజా, ఇది నిజమైతే ఈ పురుగు వచ్చే దారి మనం మొదటిసారి పట్టుకున్నట్టు. చలికాలంలో తిరిగి పోయేటప్పుడు పడమటి తీరంలో పట్టుకోవాలి. సముద్రం ఒడ్డున మన సెంటర్‌లో ఒక పోస్టు ఖాళీగా ఉంది. రెండేళ్ళు. నువ్వు పోతావా?"

"వెళ్తాను," అన్నాను.

ఆవిడ ఆశ్చర్యపోయారు. "ఇంట్లో అడగవా?"

అప్పుడు అనిపించింది, నేను ఇంట్లో అడగాలని. మాట నోట్లోంచి వచ్చేశాక అనిపించింది. "అడుగుతాను మేడమ్," అన్నాను.

ఇంకో పదిహేను రోజులు ఇలాగే పడితే రైతులకు హెచ్చరిక పంపుతారట. నా పేరుతో.

ఫోన్ చేసి చెప్పాలి. రేపు చెప్తాను.

జూలై 6, తొలి ఏకాదశి

చెప్పలేదు. ఫోన్లో చెప్పే సంగతి కాదు.

పిన్ని ఉపవాసం, నాకు మాత్రం పెసరట్లు. "అల్లుడు ఫోన్ చేశాడా?" అంది. చేశాడన్నాను. "ఏమన్నాడు?" బాగున్నావా అన్నాడన్నాను. పిన్ని నా మొహం చూసి ఇంకో పెసరట్టు వేసింది. అబద్ధాలాడేవాళ్ళకి ఆకలెక్కువని ఆవిడ నమ్మకం.

రెండేళ్ళు ఎంతలో గడుస్తాయి. సముద్రం ఒడ్డు. నా గది, నా స్టవ్, నా తాళం చెవి. పురుగుల కోసమే కదా. నేను అడిగి తెచ్చుకున్నదేం కాదు, పురుగులు వచ్చాయి, దారి దొరికింది. పని పిలిస్తే వెళ్ళాలి.

జూలై 9

ఇవాళ బకెట్టులో ఏమీ లేదు. పది పురుగులు కూడా లేవు. 

తర్వాత గుర్తొచ్చింది, రేపు పున్నమి. వెన్నెల ఎక్కువైతే దీపానికి రావు. పుస్తకాల్లో ఉన్నదే. నిన్న ఎదురుగా ఫంక్షన్ హాల్లో ఎవరిదో పుట్టినరోజు, బ్యాండు మోతకి నిద్ర కూడా లేదు, అందుకే తల పనిచేయలేదు.

జూలై 11

పున్నమి వెన్నెల్లోనే బకెట్టు నిండిపోయింది. గాలి బలంగా ఉండి ఉంటుంది. గాలి ముందు వెన్నెల ఎంత!

జూలై 13, ఆదివారం. లష్కర్ బోనాలు

అత్తయ్య నిన్న ఫోన్ చేసింది. "గడప దాటొద్దు గని రోడ్డు మీద కలవొద్దని ఎవలన్నరు? బోనాలకు కొత్త కోడలు లేకుంటెట్ల?" అంది. ఆచారానికి ఈవిడ దగ్గర ఎప్పుడూ ఒక పక్కదారి ఉంటుంది.

మహంకాళి గుడి లైనులో పొద్దున్నే కలిశాం. వీధి వీధంతా తోరణాలు, పగలే వెలుగుతున్న సీరియల్ లైట్లు, పోతురాజుల కొరడా చప్పుడు. అత్తయ్య తన నెత్తి మీది బోనం దించి నా నెత్తిన పెట్టింది. పసుపు, వేపాకు, పైన దీపం. వెనక నుంచి రాఘవేందర్ రెండు చేతులూ గాల్లో పెట్టి నడుస్తున్నాడు, కుండ పడితే పట్టుకుందామని. నాకు నవ్వొచ్చింది. చాలా రోజులైంది.

మొక్కు తీర్చుకుని బయటికి వచ్చాక షర్బత్ తాగుతుంటే అతనే మొదలుపెట్టాడు.

"గజ్వేల్ దిక్కు రైతులు దుకాణంకు ఫోన్లు చేస్తున్నరు. స్ప్రేయర్లు ఉన్నయా అని. ఏదో పురుగుల మంద వస్తున్నదంట గద?"

రాణిగంజ్‌లో అతనిది మోటారు పంపుల దుకాణం. "ఎవరు చెప్పారు?" అన్నాను.

"మీ ఆఫీసుల నుంచే బయటికొచ్చిందంట. పెట్టుబడి అయితే అయింది, ముందుగాలనే మందు కొడ్తమంటున్నరు పాపం. నిజమేనా?"

"నిజమే. కనిపెట్టింది నేనే."

అతని మొహం వెలిగిపోయింది. అక్కడున్న షర్బత్ అబ్బాయికి, పక్కనున్న ముసలాయనకి, అందరికీ చెప్పాడు. "మా ఇంటామె కనిపెట్టింది!" అత్తయ్య నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. పోస్టు సంగతి చెప్పడానికి అది సమయం కాదు. ఎవరైనా ఒప్పుకుంటారు.

జూలై 15

హెచ్చరిక రాసి ఇచ్చాను. వచ్చే సోమవారం వెళ్తుంది. పోస్టు కాగితాలు కూడా ఆ రోజే సంతకాలకి వెళ్తాయట.

ఈ ఇంట్లోనూ కాలు నిలవడం లేదు. డాబా ఎక్కుతున్నాను, దిగుతున్నాను.

జూలై 18, శుక్రవారం

పిన్ని కాఫీ కలుపుతూ అంది. "ఇంకో వారమేనే ఈ ప్రశాంతత. శ్రావణం వచ్చిందంటే ఎదురు హాల్లో మళ్ళీ పెళ్ళిళ్ళు. ఆ ఫోకస్ లైట్లు తిన్నగా మా పడగ్గదిలోకే. పొద్దున్నే చూడాలి, వాటి కింద చచ్చిన పురుగులు గంపలకొద్దీ ఎత్తిపోస్తుంటారు. ఆషాఢం పుణ్యమా అని నెలరోజులు చీకటి."

కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను.

ఆషాఢంలో పెళ్ళిళ్ళు లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే హాల్లో లైట్లు లేవు. నేను వచ్చింది ఆషాఢం మొదటి రోజున.

కాదు. అలా అయి ఉండదు.

అదే రోజు, తర్వాత

ఎనిమిదో తేదీ పుట్టినరోజు ఫంక్షన్. లైట్లు వేశారు. తొమ్మిదిన బకెట్టు ఖాళీ. నేను చంద్రుణ్ణి తిట్టాను.

జూలై 19

పిన్నిని వెంటబెట్టుకుని హాలు మేనేజర్ అబ్రహాం దగ్గరికి వెళ్ళాను. లైట్లన్నీ ఒక్క రాత్రి వెయ్యాలని అడిగితే నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆషాఢంల లైట్లేందమ్మా? పెళ్ళి లేదు, పేరంటం లేదు. కరెంటు బిల్లు ఎవలు కట్టాలె?"

పిన్ని ముందుకొచ్చింది. "శ్రావణంలో మా ఆడపడుచు మనవరాలి ఓణీల ఫంక్షన్ ఇక్కడే చేద్దామనుకుంటున్నామండీ. లైటింగు ఎలా ఉంటుందో చూడకుండా అడ్వాన్సు ఎలా ఇస్తాం?"

పిన్ని ఆడపడుచుకి మనవరాలే లేదు. అబ్రహాం వెంటనే ఒప్పుకున్నాడు.

జూలై 20, ఆదివారం

తెల్లవారగానే డాబా ఎక్కాను. నా బకెట్టులో ఒక గొల్లభామ, రెండు పేడపురుగులు.

హాలు గేటు దగ్గరికి వెళ్ళాను. ఫోకస్ లైట్ల కింద గచ్చు మీద బూడిద రంగు రెక్కలు పరుచుకుని ఉన్నాయి. చీపురుతో ఒక పక్కకి తోశాను, కుప్ప అయింది. నా మందంతా అక్కడ ఉంది. మౌలాలీ గుట్టకీ వాటికీ ఏ సంబంధం లేదు. ఎక్కడినుంచో వచ్చినవీ కావు. కీసర వైపు చేలలో పుట్టి, రోజూ హాలు లైట్లకి వచ్చే పురుగులే. పెళ్ళిళ్ళు ఆగేసరికి ఆ వీధిలో మిగిలిన దీపం నాది. చిలకలగూడలో మా డాబా చుట్టూ స్టేషన్ లైట్లు, రోడ్డు లైట్లు, అక్కడ నా బల్బుని లెక్కచేసేదెవరు?

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేను పేరు పెట్టడమే కాదు, బారసాల కూడా చేసేశాను.

అదే రోజు, మధ్యాహ్నం

ఎవరికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. పురుగులైతే పడ్డాయి కదా, అవి అబద్ధం కాదు. ఎక్కడినుంచి వచ్చాయన్నదే కదా తేడా. నిజంగా కొన్ని గాలితో వచ్చినవీ ఉండవచ్చు. తీరానికి వెళ్ళి అక్కడ సరిగ్గా చూసి అప్పుడు సరిదిద్దవచ్చు. సైన్సులో సరిదిద్దుకోవడం ఉన్నదే. రెండేళ్ళు టైముంది.

అదే రోజు, సాయంత్రం

రైతులు అనవసరంగా మందు కొడతారు. ఒకటికి రెండుసార్లు కొడతారు. లేత చేల మీద. నా పేరు చూసి.

పైన రాసింది మళ్ళీ చదివాను. ఇంత తెలివిగా రాయడం నాకు ఎప్పుడు వచ్చింది? అసహ్యంగా ఉంది.

జూలై 21, సోమవారం

ఆఫీసు తెరవకముందే వెళ్ళి కూర్చున్నాను. సలోమి మేడమ్ రాగానే, కూర్చోకముందే చెప్పేశాను. హాలు, ఆషాఢం, పుట్టినరోజు, అబ్రహాం, అన్నీ. 

 ఆవిడ ఫోన్ తీసి హెచ్చరిక ఆపమన్నారు. ఈసారి అద్దాలు తియ్యలేదు.

"తప్పు నాది కూడా," అన్నారు. "ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నాను. నీ డాబా చుట్టూ ఏమున్నదో చూసి రమ్మని ఒక్కసారి అడగలేదు. గుట్ట వరకు చూసినం, ఎదురిల్లు చూడలేదు."

"పోస్టు?"

"దేని మీద అడగాలి ఇంద్రజా? ఇప్పుడు మన దగ్గర ఏమున్నది?"

ఏమీ లేదు. చెప్పాల్సింది చెప్పినందుకు తేలికగా ఉంటుందంటారు. ఉండదు. బస్సులో ఏడవకుండా కూర్చోవడానికి కిటికీ వైపే చూశాను. రాఘవేందర్‌కి ఒక్క ముక్క మెసేజ్ పెట్టాను, పురుగుల మంద అబద్ధం, మీ రైతులకి చెప్పు, మందు కొట్టవద్దని. సరే అని జవాబు వచ్చింది. ఎందుకని అడగలేదు.

జూలై 22

ఎర తీసి మూట కట్టాను. విప్పాను. మళ్ళీ కట్టాను.

జూలై 23

పోస్టు పోయినందుకు బాధా, లేక ఎల్లుండి చిలకలగూడ వెళ్ళాలన్నందుకా? ఇక్కడ ఎవరూ చదవరు కదా, రాయవచ్చు. రాయలేకపోతున్నాను.

జూలై 24, గురువారం. అమావాస్య

రాఘవేందర్ వచ్చాడు. దుకాణం మధ్యాహ్నానికే కట్టేశాడట. గేటు బయటే నిలబడ్డాడు. పిన్ని లోపలికి రమ్మంటే, "రేపటిదాంక రావొద్దంట గద అత్తమ్మా," అన్నాడు. పిన్ని కుర్చీ బయట వేయించి కాఫీ కలపడానికి వెళ్ళింది. నేను గేటు లోపల, అతను బయట. రోడ్డున పోయేవాళ్ళు చూస్తున్నారు.

అన్నీ చెప్పాను. పోస్టు సంగతి కూడా. ఒప్పుకున్నానని, తనకి చెప్పలేదని కూడా.

"అయితే గా పురుగులు యాడికెళ్ళో రాలే?"

"లేదు. ఇక్కడివే."

"తప్పు పట్టుకున్నది నువ్వే, చెప్పింది నువ్వే. అయిపాయె గద. ఇంకా ఎందుకు పరేషాన్ అయితున్నవ్?"

"పోస్టు పోయింది."

అతను గేటు ఊచ మీద గోటితో రంగు గీకాడు. "ఒకటడుగుత, కోపం చెయ్యకు. గా పోస్టు నీకు పురుగుల కోసం కావాల్నా, మా ఇంట్లకెళ్ళి పోనీకె కావాల్నా?"

 నెల రోజులుగా మ్యాపుల మీద, గాలుల మీద, గుట్టల మీద నేను రాసిందంతా ఈ ఒక్క మాట దగ్గరికి రాకుండా ఉండడానికే రాశానేమో.

"పోవాలంటే పో ఇంద్రజా," అన్నాడు. "నేను ఆపను. గని పురుగుల మీద పెట్టి పోకు. నాకు చెప్పి పో."

అప్పుడు వచ్చింది నాకు కోపం. ఐదు నెలల కోపం. "మీ ఇంట్లో నేనెవర్ని? ఇప్పటికీ నాకు మంచినీళ్ళు పళ్ళెంలో గ్లాసు పెట్టి తెచ్చిస్తారు. వంటింట్లోకి వెళ్తే మీ అమ్మ, నీకెందుకు బిడ్డా కూసో అంటుంది. బట్టలు ఎక్కడ ఆరేయాలో అడగాలి. ఉప్పు డబ్బా ఎక్కడుందో నాకు తెలియదు. నువ్వేమో మాట్లాడవు. చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఎంతకాలం ఉండాలి?"

అతను నన్ను చూసిన చూపు ఎప్పటికీ మర్చిపోను. "అమ్మ నీకు తక్లీఫ్ కావొద్దని చేస్తున్నది," అన్నాడు మెల్లగా. "నువ్వు పెద్ద చదువుల దానివి. నీతోటి ఏం మాట్లాడాల్నో నాకు సమజ్ కాదు. తప్పు మాట్లాడితే నవ్వుతవని ఊకుంట."

 ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఇప్పుడు చెప్పు. పోవాలని ఉన్నదా?"

"ఉంది."

"ఎప్పుడు?"

"తెలియదు. చలికాలానికి మళ్ళీ అడగవచ్చు, నిజమైన లెక్కలతో. అడగకపోవచ్చు కూడా."

అతను తలూపాడు. లేచి కుర్చీ గోడ వారగా పెట్టాడు.

"అయితే గప్పటిదాంక మనింట్ల ఉండు," అన్నాడు.

ఐదు నెలల్లో నన్ను ఉండమని ఎవరూ అడగలేదు. ఉంటాననే అందరూ అనుకున్నారు. రోడ్డు మీద జనం ఉన్నారని కూడా చూడకుండా గేటు పట్టుకుని ఏడ్చాను. పిన్ని లోపలి నుంచి కాఫీ చల్లారిపోతోందని కేకేసింది.